ఒకే చేతిలో రెండు జాబితాలు: ఆంధ్రప్రదేశ్ పింఛన్లు, అధికార పార్టీ సభ్యత్వం – ఒక కేస్ స్టడీ

2014 నుంచి 2025 వరకు ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో సామాజిక పింఛన్ల పంపిణీ ఎవరి చేతుల మీదుగా జరిగింది, ఆ పంపిణీ పక్కనే అధికార పార్టీ తన సభ్యత్వాన్నీ ప్రచారాన్నీ ఎలా నడుపుకుంది అన్నది ఈ కేస్ స్టడీ విషయం. నేను పంచాయతీరాజ్ శాఖలో పనిచేసి ఎంపీడీవోగా (మండల పరిషత్ అభివృద్ధి అధికారిగా) పదవీ విరమణ చేశాను. ఇప్పుడు మా ప్రాంతంలో దరఖాస్తు తిరస్కరణకు గురైనవారికి అర్జీలు రాసిపెడుతున్నాను. ఈ కాలంలో రాష్ట్రంలో రెండుసార్లు ప్రభుత్వం మారింది. మారిన ప్రతిసారీ ముందున్నవారి పద్ధతిని కొత్తవారు తప్పుబట్టారు, తమదైన పద్ధతిని తెచ్చారు. కాబట్టి ఇందులో ఒక పార్టీని బోనులో నిలబెట్టి మరో పార్టీని పక్కన కూర్చోబెట్టే ఉద్దేశం లేదు. పార్టీకీ ప్రభుత్వానికీ మధ్య ఉండవలసిన గోడ ఊళ్లో ఏ చోట కూలుతుందో చూపించడమే నా పని.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఆ గోడ రాజధానిలో కూలదు, జీవోలోనూ కూలదు. లబ్ధిదారుల జాబితా పట్టుకుని గడప దగ్గరికి వచ్చే మనిషి, పార్టీ జాబితా పట్టుకుని వచ్చే మనిషి ఒక్కరే అయినప్పుడు కూలుతుంది. మన కోర్టులు, ఎన్నికల సంఘం గోడల రంగుల గురించీ ఎన్నికల కోడ్ అమల్లో ఉండే కొద్ది వారాల గురించీ గట్టి ఆదేశాలు ఇచ్చాయి గానీ, మిగిలిన అయిదేళ్లూ గడప ముందు నిలబడే ఆ మనిషి గురించి ఎవరూ తేల్చలేదు.

డబ్బు పెరిగింది, జాబితా బరువెక్కింది

2014 నాటికి వృద్ధాప్య పింఛను నెలకు 200 రూపాయలు. ఆ ఏడాది అక్టోబరు 2 నుంచి 1000 అయింది, 2019 ఎన్నికలకు ముందు 2000 అయింది, అదే ఏడాది ప్రభుత్వం మారాక 2250 అయింది. ఆపైన దశలవారీగా పెరిగి 2024 జనవరిలో 3000కు, మళ్లీ ప్రభుత్వం మారాక 2024 జులైలో 4000కు చేరింది. 200 రూపాయలున్నప్పుడు పింఛను మందుబిళ్లల ఖర్చుకు వచ్చేది. 4000 అయ్యాక అది ఒంటరి వృద్ధురాలి ఇంటి బడ్జెట్. కొడుకు ఇంట్లో ఆమెకు దక్కే మర్యాద కూడా కొంతవరకు దాని మీదే ఆధారపడుతుంది. 2024 జులై 1న పాత బకాయితో కలిపి ఒక్కొక్కరికి 7000 చొప్పున దాదాపు 65 లక్షల మందికి పంచవలసిన మొత్తం 4,400 కోట్ల రూపాయలు దాటింది. ఇంత డబ్బు గడప గడపకూ వెళుతున్నప్పుడు, ఎవరి పేరు జాబితాలో ఉండాలో చెప్పగలిగినవాడికి, లేదా చెప్పగలడని ఊరు నమ్మినవాడికి, సర్పంచికి లేని పలుకుబడి వస్తుంది.

నిజంగా పేరు తీసేయగల అధికారం అతనికి ఉండనక్కరలేదు. ఉందని జనం నమ్మితే చాలు. ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇదే. ఎన్నో ఫిర్యాదుల్లో నేను చూసినదేమిటంటే, బెదిరింపు ఎవరూ నోటితో చెయ్యలేదు. "మన ప్రభుత్వం ఇస్తోంది, మనల్ని గుర్తుంచుకోండి" అన్న మాట మాత్రమే వినిపించింది. దాని వెనకాల ఉన్నదంతా వినేవాళ్లే పూర్తి చేసుకున్నారు.

మొదటి దశ: కమిటీలు

2014లో తెలుగుదేశం ప్రభుత్వం వచ్చి పింఛను 1000 రూపాయలు కాగానే అర్హుల పరిశీలనకు గ్రామ, వార్డు స్థాయిలో కమిటీలు ఏర్పడ్డాయి. జనం వాటిని జన్మభూమి కమిటీలు అన్నారు. కాగితం మీద వాటి కూర్పు చూస్తే అభ్యంతరం చెప్పడానికి ఏమీ కనిపించదు: సర్పంచి, ఎంపీటీసీ సభ్యుడు, డ్వాక్రా సంఘాల మహిళలు, సామాజిక కార్యకర్తల పేరిట నామినేట్ అయ్యే సభ్యులు. చిక్కంతా ఆ చివరి మాటలో ఉంది. సర్పంచిని ఊరు ఎన్నుకుంది, ఎంపీటీసీని ఊరు ఎన్నుకుంది, కానీ సామాజిక కార్యకర్తను పైనుంచి ఎంపిక చేశారు. చాలా ఊళ్లలో ఆ స్థానాల్లో అధికార పార్టీ గ్రామ నాయకులే కూర్చున్నారన్నది అప్పట్లో ప్రతిపక్షం ఒక్కటే చేసిన ఆరోపణ కాదు, ఊళ్లో అందరికీ తెలిసిన సంగతి. 2013లో వేరే పార్టీ మద్దతుతో గెలిచిన సర్పంచి ఉన్నచోట అర్జీ సర్పంచిని దాటుకుని కమిటీ సభ్యుడి దగ్గరికి పోయేది. పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ స్ఫూర్తి ప్రకారం గ్రామసభ చేయవలసిన పని, ఎవరికీ జవాబు చెప్పవలసిన అవసరం లేని నలుగురి చేతిలోకి వెళ్లింది.

అదే కాలంలో సభ్యత్వ నమోదు స్వభావం కూడా మారింది. పార్టీ సభ్యత్వమంటే అంతకుముందు రసీదు పుస్తకం, కొద్ది రూపాయల రుసుము, కార్యకర్త ఇంటి అటక మీద ఉండే కట్టలు. 2014 తర్వాత తెలుగుదేశం పార్టీ సభ్యత్వానికి ప్రమాద బీమా తోడైంది. టీఆర్ఎస్, ఆ తర్వాత జనసేన కూడా బీమాతో కూడిన సభ్యత్వాన్ని తెచ్చాయి. ఒక పార్టీ తన సభ్యులకు బీమా చేయించడం తప్పేమీ కాదు. కార్యకర్త రోడ్డు ప్రమాదంలో పోతే ఆ కుటుంబానికి అందే సొమ్ము నిజమైన సాయం. అయితే రాష్ట్ర ప్రభుత్వం కూడా 2016 అక్టోబరు 2న అసంఘటిత కార్మికులకు చంద్రన్న బీమా పేరుతో ప్రమాద మరణానికి 5 లక్షల రూపాయల పథకాన్ని మొదలుపెట్టింది. తర్వాతి ప్రభుత్వం వైఎస్సార్ బీమా అన్నది. ఈ రెండు పేర్లూ నాయకులవే. పార్టీ ఇచ్చే బీమాకూ నాయకుడి బొమ్మే, ప్రభుత్వం ఇచ్చే బీమాకూ నాయకుడి బొమ్మే. రెండిటికీ ఆధార్, ఫోను నంబరు, నామినీ పేరు కావాలి. ఇందులో ఏది పౌరుడిగా తన హక్కు, ఏది పార్టీ సభ్యుడిగా తనకొచ్చే సౌకర్యం అన్నది కూలిపనికి పోయే మనిషి ఎలా విడదీసుకుంటాడు?

ఇక్కడ నేను దగ్గరగా చూసిన ఒక సందర్భాన్ని రాస్తాను. అది ఏ ప్రభుత్వ కాలంలో జరిగిందో చెప్పడం లేదు, ఎందుకంటే ఇలాంటిదే రెండు కాలాల్లోనూ చూశాను. సోమవారం అర్జీల రోజున ఒక పెద్దావిడ మండల ఆఫీసుకు వచ్చింది. వితంతు పింఛనుకు పెట్టుకున్న దరఖాస్తు ఏమైందని అడుగుతూ, కొంగు ముడి విప్పి ఒక ప్లాస్టిక్ కార్డు నా బల్ల మీద పెట్టింది. దాని మీద పార్టీ గుర్తు, నాయకుడి ఫొటో, ఆవిడ పేరు, సభ్యత్వ సంఖ్య ఉన్నాయి. "కార్డు వచ్చింది గదా సారూ, పింఛను ఇంకా రాలేదేంది?" అని అడిగింది. ఇది పింఛను కార్డు కాదమ్మా, పార్టీ కార్డు అని చెప్పాను. ఆవిడ నన్ను కొంచెం జాలిగా చూసి, "ఆ పిల్లోడే గదా సారూ రెండూ రాసుకుపోయింది" అంది. కంప్యూటర్లో వెతికిస్తే పింఛను దరఖాస్తు ఆన్‌లైన్‌లోకి ఎక్కనే లేదు. భర్త మరణ ధ్రువపత్రం జత చెయ్యవలసి ఉంది, దాన్ని ఎవరూ అడగలేదు. రెండు కాగితాలు ఒకే రోజు, ఒకే చేతితో రాసుకుపోతే పార్టీ కాగితం తన చోటికి చేరింది, ప్రభుత్వ కాగితం చేరలేదు. ఆ పిల్లవాడు కావాలని చేశాడని నేను అనుకోను. అతన్ని రోజూ లెక్క అడిగేది సభ్యత్వం గురించే. పింఛను దరఖాస్తు గురించి అడిగేవాళ్లు లేరు.

రెండో దశ: యాభై ఇళ్ల గీత

2019లో అధికారంలోకి వచ్చిన వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీ, కమిటీల పక్షపాతాన్ని తొలగించడానికే కొత్త వ్యవస్థ తెస్తున్నామని చెప్పింది. ఆగస్టు 15న గ్రామ వాలంటీర్లు, అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. ఈ రెండిటినీ కలిపి మాట్లాడడం అలవాటైంది గానీ, పాలన దృష్టితో చూస్తే రెండూ పూర్తిగా వేరు. సచివాలయ ఉద్యోగాలకు రాష్ట్రవ్యాప్త రాతపరీక్ష జరిగింది. లక్షకు పైగా యువతీ యువకులు మెరిట్ మీద వచ్చారు, వారికి సర్వీసు నిబంధనలు ఉన్నాయి. వాలంటీరుకు రాతపరీక్ష లేదు. మండలంలో ఎంపీడీవో, తహసీల్దారు, ఈవోపీఆర్డీ (పంచాయతీరాజ్ విస్తరణాధికారి)లతో కూడిన కమిటీ ఇంటర్వ్యూ చేసింది. జీతం కాదు, నెలకు 5000 రూపాయల గౌరవ వేతనం. ప్రతి 50 ఇళ్లకు ఒకరు చొప్పున రాష్ట్రంలో సుమారు 2.6 లక్షల మంది నియమితులయ్యారు. ఉద్యోగి కానందువల్ల ప్రవర్తనా నియమావళి అతనికి వర్తించదు, ఉద్యోగికి ఉండే రక్షణా లేదు. అతను కొనసాగాలా వద్దా అన్నది స్థానిక నాయకుడి మాట మీద ఆధారపడుతుందని ఊరంతా అనుకుంటున్నప్పుడు, నిష్పాక్షికంగా ఉండమని అతనికి చెప్పడం ఉత్తమాటే.

ఇంకొక విషయం ఎవరూ అంతగా పట్టించుకోలేదు. 2018 ఆగస్టులో సర్పంచుల గడువు ముగిసింది. పంచాయతీ ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో గానీ జరగలేదు. అంటే వాలంటీరు ఊళ్లో కుదురుకున్న మొదటి పద్దెనిమిది నెలల దాకా ఎన్నికైన పంచాయతీ లేదు, ప్రత్యేకాధికారుల పాలనే ఉంది. ఎన్నికైన మనిషి కుర్చీ ఖాళీగా ఉన్నప్పుడు అందులోకి నియమితుడైన మనిషి వచ్చాడు. తర్వాత ఎన్నికైన సర్పంచికి ఊళ్లో చేసేందుకు పెద్దగా ఏమీ మిగల్లేదు. తెలంగాణలో కూడా 2024 ఫిబ్రవరిలో పంచాయతీల గడువు ముగిశాక, ఎన్నికలు లేని సమయంలోనే ఇళ్ల లబ్ధిదారుల గుర్తింపుకు ఇందిరమ్మ కమిటీలు వచ్చాయి. ఈ రెంటికీ ఉన్న పోలికను నేను కాకతాళీయమని కొట్టిపారేయలేను. స్థానిక ఎన్నికలు వాయిదా పడిన ప్రతిసారీ పార్టీకీ ప్రభుత్వానికీ మధ్య దూరం తగ్గుతుంది.

వాలంటీర్లు చేసిన మేలును తగ్గించి చెప్పడం అన్యాయం. 2020 ఫిబ్రవరి నుంచి ఒకటో తేదీ తెల్లవారుజామునే వచ్చి తలుపు తట్టి, మంచంలో ఉన్నవారి వేలిముద్ర తీసుకుని డబ్బు చేతిలో పెట్టారు. కరోనా నెలల్లో ఇల్లిల్లూ తిరిగి జ్వరాల సర్వే చేశారు. ఆఫీసుల చుట్టూ తిరిగే శ్రమ, ఎండలో పడిగాపులు, మధ్యవర్తికి ఇచ్చే చిల్లర చాలావరకు పోయాయి. నాకు తెలిసిన వాలంటీర్లలో ఎక్కువమంది ఇంటరో డిగ్రీయో చదివి వేరే పని దొరకని పిల్లలు. వారిలో సగం మంది ఆడపిల్లలు. వారి శ్రద్ధ నిజమైనది. వ్యవస్థ రూపకల్పనలోని లోపాన్ని ఆ పిల్లల మీద మోపిన మాటలు అప్పుడూ ఇప్పుడూ నాకు బాధ కలిగిస్తాయి.

లోపం పొరలు పొరలుగా చేరింది. 2021 ఉగాది నుంచి సేవామిత్ర, సేవారత్న, సేవావజ్ర పేర్లతో వాలంటీర్లకు నగదు పురస్కారాలు వచ్చాయి. 2022లో విస్తృత సర్క్యులేషన్ ఉన్న దినపత్రిక కొనుక్కోవడానికి నెలకు 200 రూపాయలు ఇస్తూ ఉత్తర్వు వచ్చింది. ఇది ముఖ్యమంత్రి కుటుంబానికి చెందిన పత్రికకు మేలు చేయడానికేనని పోటీ పత్రిక యాజమాన్యం కోర్టుకు వెళ్లింది. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ కేసును ఢిల్లీ హైకోర్టుకు బదిలీ చేసింది. 2022 మేలో 'గడప గడపకు మన ప్రభుత్వం' మొదలైంది. ఎమ్మెల్యే ఇంటింటికీ వెళ్లి, ఆ కుటుంబానికి ఏ పథకంలో ఎంత అందిందో ముఖ్యమంత్రి పేరుతో ఉన్న లేఖను చేతికిచ్చేవారు. సచివాలయ సిబ్బంది, వాలంటీరు వెంట ఉండేవారు. శాసనసభ్యుడు ప్రజల దగ్గరికి వెళ్లడం మంచిదే. కానీ ప్రతి కుటుంబం ఖజానా నుంచి అందుకున్న సొమ్ము లెక్క పార్టీ కార్యకర్తల గుంపు మధ్యలో చదివి వినిపించడం, అప్పు గుర్తుచేసినట్టు ఉంటుంది.

నా దృష్టిలో ఈ కేసుకు కీలకమైన మలుపు 2023లో వచ్చింది. ఆ పార్టీ ప్రతి 50 ఇళ్లకూ తన తరఫున గృహ సారథులను, సచివాలయానికి ముగ్గురు చొప్పున కన్వీనర్లను నియమించుకుంది. ఆ ఏప్రిల్‌లో 'జగనన్నే మా భవిష్యత్తు' పేరుతో వారు ఇంటింటికీ తిరిగి, గత ప్రభుత్వంతో పోల్చే ప్రశ్నలు అడిగి, తలుపుకూ ఫోనుకూ స్టిక్కర్లు అంటించి, ఆ ఇంటివారి ఫోను నుంచి పార్టీ నంబరుకు మిస్డ్ కాల్ ఇప్పించారు. మిస్డ్ కాల్‌తో మద్దతు నమోదు చేసే పద్ధతి కొత్తది కాదు. బీజేపీ 2014 నవంబరులో మొదలుపెట్టిన సభ్యత్వ ఉద్యమం దేశమంతటా ఆ దారినే నడిచింది. ఇక్కడ కొత్త సంగతి యూనిట్. బూత్ కాదు, వీధి కాదు. ప్రభుత్వం పరిపాలన కోసం గీసుకున్న 50 ఇళ్ల గీత మీదే పార్టీ తన గీత గీసుకుంది. వాలంటీరు తట్టిన తలుపునే గృహ సారథి తట్టాడు. చాలాచోట్ల ఇద్దరూ ఒకే ఊరి స్నేహితులు, ఒకే కుటుంబంవారు. కోటికి పైగా మిస్డ్ కాల్స్ వచ్చాయని పార్టీ ప్రకటించింది. ఇంటి ముందు నిలబడి ఫోను అడిగితే పింఛను తీసుకునే మనిషి కాదనగలదా? కాదన్న ఇల్లు ఏదో కూడా తెలిసిపోతుంది. ఓటు రహస్యమైనదే, కానీ మిస్డ్ కాల్ ఇవ్వకపోవడం రహస్యం కాదు.

సమాచారం విషయమూ ఇక్కడే చెప్పాలి. కుటుంబంలో ఎందరున్నారు, ఎవరి ఫోను ఏది, ఏ పథకం అందింది, ఎవరు వలస వెళ్లారు అన్న వివరాలన్నీ వాలంటీరు ఫోన్లో ఉండేవి. 2019 ఎన్నికలకు ముందు వేరే ప్రభుత్వ హయాంలో, తెలుగుదేశం పార్టీ సేవామిత్ర యాప్‌లో (వాలంటీర్ల పురస్కారం పేరూ ఇదే, రెండూ వేరు) ఓటర్ల, లబ్ధిదారుల సమాచారం ఉందన్న ఆరోపణ మీద హైదరాబాదులో పోలీసు కేసు నమోదైంది. పార్టీ ఆ ఆరోపణను ఖండించింది. అంటే అనుమానం రెండు వైపులా ఉంది. 2023లో వచ్చిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం, సంక్షేమం కోసం ప్రభుత్వం సమాచారం వాడుకోవడానికి వెసులుబాటు ఇచ్చింది. అదే సమాచారం పార్టీ కార్యకర్త ఫోన్లోకి వెళితే ఎవరు కనిపెడతారు, ఎలా రుజువు చేస్తారు అన్నదానికి మండలస్థాయిలో ఈ రోజుకీ ఏ ఏర్పాటూ లేదు.

కోర్టు చెరిపిన రంగులు

పంచాయతీ భవనాలకు అధికార పార్టీ జెండాను పోలిన నీలం, ఆకుపచ్చ, తెలుపు రంగులు వేయడాన్ని రాష్ట్ర హైకోర్టు 2020 మార్చిలో తప్పుబట్టింది. సుప్రీంకోర్టూ ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు. ప్రభుత్వం ఏప్రిల్‌లో ఎర్రమట్టి రంగు చేర్చి, ఒక్కో రంగుకూ ఒక్కో అర్థం చెబుతూ జీవో 623 ఇచ్చింది. హైకోర్టు మే 22న దాన్నీ కొట్టివేసింది. జూన్ 3న సుప్రీంకోర్టు అప్పీలును తోసిపుచ్చి, నాలుగు వారాల్లో రంగులు తీసేయాలని ఆదేశించింది. వేయడానికీ తీయడానికీ ఖర్చయింది ప్రజల డబ్బే. ఈ తీర్పు విలువైనది, ఎందుకంటే ప్రభుత్వ భవనం పార్టీది కాదని అది స్పష్టంగా చెప్పింది. కానీ కోర్టు చూడగలిగింది కంటికి కనిపించే గోడను. పట్టాదారు పాసుపుస్తకాల మీద ముఖ్యమంత్రి బొమ్మ ఆ తర్వాతే వచ్చింది. 2024లో ప్రభుత్వం మారాక గానీ దాని స్థానంలో రాజముద్ర రాలేదు.

చట్టం ఈ విషయంలో పాతబడిపోయింది. ప్రజాప్రాతినిధ్య చట్టం 123(7) సెక్షన్ ప్రకారం, అభ్యర్థి తన గెలుపు కోసం గెజిటెడ్ అధికారులు, పోలీసులు, రెవెన్యూ అధికారులు వంటి కొన్ని తరగతుల ప్రభుత్వోద్యోగుల సాయం పొందడం అవినీతి చర్య. 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు ఇందిరాగాంధీ ఎన్నికను రద్దు చేసింది ఈ సెక్షన్ కిందనే. సభావేదికల నిర్మాణంలో అధికారుల సాయం, రాజీనామా అమల్లోకి రాకముందే ఒక అధికారి చేసిన ఎన్నికల పని అందులో ప్రధానాంశాలు. ఆ సెక్షన్ రాసినవారి మనసులో ఉన్న ప్రమాదం జీతం తీసుకునే అధికారి. గౌరవ వేతనం తీసుకునే లక్షలాది వాలంటీర్లు, నామినేట్ అయిన కమిటీ సభ్యులు, ఫోన్లోని యాప్ అందులో పట్టవు.

2024 మార్చి నుంచి జులై వరకు

2024 మార్చి 16న ఎన్నికల కోడ్ అమల్లోకి వచ్చింది. సిటిజన్స్ ఫర్ డెమోక్రసీ సంస్థ హైకోర్టుకు వెళ్లిన నేపథ్యంలో, వాలంటీర్లు ఏ పథకం కిందా నగదు పంపిణీ చేయరాదని, వారి దగ్గరున్న ట్యాబులు, ఫోన్లు, ఇతర పరికరాలు కోడ్ ముగిసేవరకు జిల్లా ఎన్నికల అధికారి ఆధీనంలో ఉంచాలని, పంపిణీకి ప్రత్యామ్నాయం చూసుకోవాలని మార్చి 30న ఎన్నికల సంఘం ఆదేశించింది. ఒకటో తేదీకి మిగిలింది ఒక్కరోజు. ఏప్రిల్ పింఛన్లు మూడో తేదీ నుంచి సచివాలయాల దగ్గర ఇచ్చారు, నడవలేనివారికి మాత్రం ఇంటి దగ్గర. ఎండలు ముదిరిన రోజులవి. వచ్చినవాళ్లు చెట్టు కింద, అరుగు మీద కూర్చుని డబ్బు ఎప్పుడొస్తుందని అడుగుతున్నారు. లోపల సిబ్బంది బ్యాంకు నుంచి నగదు రాలేదని చెబుతున్నారు. కొందరు వృద్ధుల మరణాలు వార్తల్లోకి వచ్చాయి. రెండు పక్షాలూ ఒకదాన్నొకటి నిందించుకున్నాయి. మే నెలలో చాలామందికి బ్యాంకు ఖాతాల్లో వేశారు. దాంతో ఆ వరుస బ్యాంకు ముందుకు మారింది. ఈ మధ్యలో లక్షమందికి పైగా వాలంటీర్లు రాజీనామా చేశారు. రాజీనామా చేసినవారు పార్టీ ప్రచారంలో తిరగడానికి అడ్డేమీ లేదు. నిన్నటివరకు ప్రభుత్వ సేవకుడిగా తెలిసిన ముఖం, ఈరోజు పార్టీ కండువాతో అదే 50 ఇళ్లకు వెళ్లింది.

జూన్ 4 ఫలితాల్లో తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమికి 175లో 164 స్థానాలు, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 11 వచ్చాయి. 2.6 లక్షల వాలంటీర్లు, వారి మీద గృహ సారథులు, కోటి మిస్డ్ కాల్స్ ఉన్న యంత్రాంగం ఓట్లను పట్టి ఉంచలేకపోయింది. తెలంగాణలో అరవై లక్షల సభ్యత్వం ఉందని చెప్పుకున్న బీఆర్ఎస్ 2023 డిసెంబరులో 119లో 39 స్థానాలకు పరిమితమైంది. అధికారంలో ఉన్న పార్టీ సభ్యత్వ సంఖ్య ప్రజల ఇష్టానికి కొలమానం కాదు. ఆ పార్టీ నాయకత్వాన్నే అది ముందుగా మోసం చేస్తుంది. దీన్నిబట్టి 'అయితే నష్టమేముంది, జనం తమ ఓటు తాము వేశారు కదా' అనేవారున్నారు. నేను ఒప్పుకోను. అయిదేళ్లకొకసారి వేసే ఓటు స్వేచ్ఛగా పడినంత మాత్రాన, మధ్యలోని అరవై నెలలూ ఒక పౌరురాలు తన హక్కును మొహమాటంతో అందుకోవలసిన స్థితి సరైనది కాదు.

జులై 1న కొత్త ప్రభుత్వం సచివాలయ ఉద్యోగులతోనే ఇంటింటికీ పింఛను పంపింది. మొదటి రోజే అత్యధిక భాగం పూర్తయింది. పాలన తెలిసినవారికి ఇది చాలా పెద్ద సంగతి. ఇంటి దగ్గర పంపిణీకి వాలంటీరు తప్పనిసరి కాదని, పరీక్ష రాసి వచ్చిన ఉద్యోగి చేయగలడని రుజువైంది. వాలంటీర్లకు గౌరవ వేతనాన్ని 10,000 చేస్తామని ఎన్నికల ముందు కూటమి హామీ ఇచ్చింది. ఆ తర్వాత వారి నియామక ఉత్తర్వులు 2023 ఆగస్టు తర్వాత పొడిగించనే లేదని కొత్త ప్రభుత్వం చట్టసభలో చెప్పింది. ఆ యువకులకు ఇచ్చిన మాట నిలబడలేదు. ఇది వేరే అన్యాయం.

మూడో దశ, ఇప్పటిది

వ్యవస్థ మారింది. అలవాటు పూర్తిగా మారలేదు. 2024 సెప్టెంబరులో వంద రోజుల సందర్భంగా 'ఇది మంచి ప్రభుత్వం' పేరుతో ప్రజాప్రతినిధులు ఇంటింటికీ తిరిగి స్టిక్కర్లు అంటించారు. నెల తిరగగానే, అక్టోబరు 26న, తెలుగుదేశం సభ్యత్వ నమోదు మొదలైంది. రుసుము 100 రూపాయలు, సభ్యుడికి 5 లక్షల ప్రమాద బీమా. 2025 జనవరికి సభ్యత్వం కోటి దాటిందని పార్టీ ప్రకటించింది. 2024 ఎన్నికల్లో ఆ పార్టీకి రాష్ట్రంలో వచ్చిన ఓట్లు సుమారు కోటీ 53 లక్షలు. ఇతర రాష్ట్రాల సభ్యులను కలుపుకున్నా, ఓటర్లకూ సభ్యులకూ మధ్య ఇంత తక్కువ తేడా అధికారంలో ఉన్న పార్టీకే సాధ్యం. చేరినవారిలో నిజమైన అభిమానులు లక్షల్లో ఉంటారు. బీమా కోసం చేరినవారు ఉంటారు. చేరితే మంచిదని ఎవరో అన్నందుకు చేరినవారూ ఉంటారు. ఈ మూడో రకం వారి సంఖ్య ఎంతో ఏ సభ్యత్వ పుస్తకమూ చెప్పదు. నేను చూడవలసింది వారినే.

ఒకటో తేదీన సచివాలయ ఉద్యోగి వెంట గ్రామ పార్టీ నాయకుడు నడవడం ఇప్పటికీ ఉంది. అతను ఏమీ మాట్లాడకపోవచ్చు. కానీ ఉద్యోగి చేతిలోని వేలిముద్ర యంత్రం, అతని భుజం మీది కండువా ఒకే చట్రంలో కనిపిస్తాయి. ఫొటో తీసి పార్టీ గ్రూపులో పెడతారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి ఆయన్ని వెనక్కి వెళ్లమనగలదా? ఆమె బదిలీ ఎవరి సిఫారసుతో జరుగుతుందో ఆమెకు తెలుసు. పంపిణీ సమయంలో పార్టీ కండువాలు, జెండాలు, నాయకుల తోడు ఉండకూడదని కలెక్టరు పేరుతో లిఖితపూర్వక ఉత్తర్వు ఉంటే, ఆమె తన మాటగా కాకుండా ఉత్తర్వు మాటగా చెప్పగలుగుతుంది. కింది ఉద్యోగికి ధైర్యం నూరిపోయడం వల్ల పని జరగదు, ఆమె చేతికి కాగితం ఇవ్వాలి.

నేను మండలంలో అడుగుతూ వచ్చినవి చిన్న విషయాలు. లబ్ధిదారుల లాగిన్ ఎవరి దగ్గర ఉందో వారు ఏ పార్టీ పదవిలోనూ లేరని ఏటా రాతపూర్వకంగా ఇవ్వాలి. పార్టీలు తమ సభ్యత్వానికి ప్రభుత్వం గీసుకున్న 50 ఇళ్ల క్లస్టర్లను యూనిట్‌గా వాడుకోకూడదని, సచివాలయ ఆవరణలో నమోదు చేయకూడదని ఎన్నికల సంఘం కోడ్ లేని రోజులకు కూడా చెప్పాలి. నమోదు, తొలగింపు జాబితాలు గ్రామసభలో చదవాలి. ఉపాధి హామీకి మన రాష్ట్రంలో ఏళ్లుగా నడుస్తున్న సామాజిక తనిఖీని పింఛన్లకూ క్రమం తప్పకుండా చేయాలి. వీటిలో ఏదీ కొత్త సంస్థను కోరదు. అన్నిటికంటే ముందుది మాత్రం ఒకటి ఉంది: దరఖాస్తు తీసుకున్నప్పుడు రసీదు, తిరస్కరిస్తే కారణంతో కాగితం, అప్పీలుకు ఒక పేరూ తేదీ. ఈ మూడు ఉన్నచోట మధ్యలో నిలబడేవాడికి అమ్ముకోవడానికి ఏమీ మిగలదు.

2025లో దివ్యాంగుల పింఛన్ల పునఃపరిశీలన జరిగినప్పుడు ఇది కొంత కనిపించింది. వైద్య పరీక్షల తర్వాత ఆగస్టులో లక్షకు పైగా నోటీసులు వెళ్లాయి. ఆందోళన పెరిగింది, అందులో న్యాయమూ ఉంది, ఎందుకంటే కాలు లేనివారికి కూడా వైకల్యం తక్కువని వచ్చిన నోటీసులు నా దగ్గరికి వచ్చాయి. కానీ నోటీసు కాగితం మీద వచ్చింది. శాతం ఎంతో, ఏ ఆసుపత్రి ఇచ్చిందో దాని మీద ఉంది. ఎంపీడీవో ఆఫీసులో అప్పీలు తీసుకున్నారు, అప్పీలు చేసుకున్నవారికి పింఛను ఆపబోమని ప్రభుత్వం చెప్పింది. ఆ వారాల్లో నేను రాసిపెట్టిన అర్జీల్లో ఒక్కదానికీ ఏ నాయకుడి సిఫారసు లేఖా జత చెయ్యమని ఎవరూ అడగలేదు. వైద్య పత్రం, నోటీసు నకలు, ఆధార్ నకలు, సంతకం సరిపోయాయి. కొత్త పింఛను దరఖాస్తులకు కూడా ఇదే పద్ధతి పెట్టాలని, తిరస్కరణకు కారణం రాసి ఇవ్వాలని కోరుతూ జిల్లా కలెక్టరుకు ఇచ్చిన వినతిపత్రం ప్రస్తుతం పరిశీలనలో ఉంది.